దిగీ దిగగానే కారెక్కాలా?

సమస్య

డాలస్ నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడ పుట్టిల్లు మహబూబ్‌నగర్, అత్తవారిది అనంతపురం దగ్గర ఒక పల్లె. పిల్లాడికి నాలుగేళ్లు, పాపకు పది నెలలు. పాపను ఇరువైపుల పెద్దలూ ఫోన్లో తప్ప చూడలేదు. డిసెంబరులో ఒక శుక్రవారం తెల్లవారుజామున 3 గంటలకు వీళ్ల విమానం శంషాబాద్‌లో దిగుతుంది.

మామగారు అప్పుడే అన్నీ సిద్ధం చేసేశారు. ఊళ్లో తెలిసినాయన ఇన్నోవా మాట్లాడారు. అది గురువారం సాయంత్రం బయల్దేరి అర్ధరాత్రికి ఎయిర్‌పోర్టు చేరుతుంది. అందులో ఆయన, అత్తగారు, మరిది ముగ్గురూ వస్తున్నారు. సామాన్లు ఎక్కించుకుని అటు నుంచి అటే ఊరికి. శుక్రవారం రాహుకాలం పదిన్నరకు మొదలవుతుంది కనుక ఆలోపే ఇంట్లో అడుగుపెట్టాలని మామగారి పట్టుదల.

“ఒక పూట ఆగి వెళ్దామంటే, ‘హోటళ్లకు డబ్బు తగలేయడమెందుకమ్మా, పిల్లలు కార్లో నిద్రపోతార్లే’ అన్నారు మామయ్య. కార్ సీట్లు తెస్తానంటే, ‘ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి మేం లేమా’ అని అత్తయ్య నొచ్చుకున్నారు. దారిలోనే మా అమ్మావాళ్ల ఊరుంది. అక్కడ ఆగుదామనడానికి నాకు నోరు రావట్లేదు. మా ఆయనేమో ‘నాన్నతో నువ్వే మాట్లాడు’ అంటారు. నేను మాట్లాడితే అమెరికా పోయి పొగరెక్కిందనుకుంటారు. ఏం చేయను?” అన్నది ఆమె ప్రశ్న.

సలహా

ఉత్తరంలో పిల్లల నిద్ర గురించి ఉంది, హోటల్ ఖర్చు గురించి ఉంది. డ్రైవర్ నిద్ర గురించి ఒక్క ముక్క లేదు. అనంతపురం నుంచి శంషాబాద్‌కు సుమారు 340 కిలోమీటర్లు. గురువారం పొద్దున నిద్రలేచిన మనిషి సాయంత్రం బండి తీసి, అర్ధరాత్రికి వచ్చి, పార్కింగ్‌లో కాసేపు కునుకు తీసి, నాలుగింటికి మళ్లీ అంత దూరమూ నడపాలి. రానూపోనూ 680 కిలోమీటర్లు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే డ్రైవర్‌కు రోజుకు 8 గంటల పని అని గీత గీసింది. ఊళ్లో మాట్లాడుకున్న ఒంటరి బండికి ఆ లెక్క చూసేవాళ్లుండరు. బండి మాట్లాడుకున్నవాళ్లే చూసుకోవాలి.

ఆ దారి చరిత్ర కూడా మామయ్యగారికి తెలియంది కాదు. 2013 అక్టోబరు 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని కాలిపోయింది. 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద మంటల్లో చిక్కుకుంది. 19 మంది ప్రయాణికులు పోయారు. రెంటి కారణాలూ వేరు, ఘడియ మాత్రం దాదాపు ఒకటే. రెండూ తెల్లవారుజామునే, మీరు వెళ్లబోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదే జరిగాయి. మనిషి ఒంట్లో నిద్ర బలంగా లాగేది అర్ధరాత్రి దాటిన రెండు నుంచి ఆరింటి దాకా. డిసెంబరులో దానికి పొగమంచు తోడవుతుంది.

బేగంపేటలో విమానం దిగే రోజుల్లో ఈ తొందర ఇంతగా ఉండేది కాదు. ఎయిర్‌పోర్టు ఊరి నడిమధ్యన ఉండేది. హైదరాబాద్‌లో పిన్నిగారింటికో, బాబాయిగారింటికో వెళ్లి, తలంటుకుని, ఒక రాత్రి పడుకుని ఊరికి కదిలేవాళ్లు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక లెక్క మారింది. పక్కనే బెంగళూరు హైవే, చేతికందే దూరంలో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. సిటీ ముఖం చూడకుండా అనంతపురానికైనా, విజయవాడకైనా మళ్లవచ్చు. దారి సులువైంది కాబట్టి మధ్యలో ఆ రాత్రి నిద్ర ఎగిరిపోయింది. దాన్ని వెనక్కి తెచ్చుకుంటే చాలు.

ఎలాగంటే, శుక్రవారమంతా శంషాబాద్‌లోనే ఉండండి. ఎయిర్‌పోర్టు ఆవరణలోనే హోటల్ ఉంది. అంత పెట్టక్కర్లేదనుకుంటే చుట్టుపక్కల తక్కువ అద్దె గదులు దొరుకుతాయి. డిసెంబరులో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మీరు దిగే 3 గంటలకు అక్కడ మధ్యాహ్నం మూడున్నర. అంటే కార్లో నిద్రపోతారని మామయ్యగారు అనుకుంటున్న వేళకు పిల్లలు ఆటల మీద ఉంటారు. మిట్టమధ్యాహ్నం పన్నెండుకు వాళ్ల ఒంటి గడియారంలో అర్ధరాత్రి దాటుతుంది. వాళ్లను నిద్రపోనిచ్చే ప్రయాణం పగటి ప్రయాణమే.

ఇన్నోవాను శుక్రవారం పొద్దున తెల్లారాక బయల్దేరమనండి. సాయంత్రానికి చేరి, డ్రైవర్ కడుపునిండా తిని ఒక గదిలో పడుకోవాలి. ఆ గది అద్దె మీరే ఇవ్వండి. పార్కింగ్‌లో సీటు వెనక్కి వాల్చుకుని పడుకుంటే అది నిద్ర కాదు.

ఇక పంచాంగం. మామయ్యగారి పట్టింపును కొట్టిపారేయకండి, అందులోంచే దారి తీయండి. శనివారం రాహుకాలం 9 నుంచి 10.30 వరకు. ఎనిమిదిన్నరకే కదిలితే దానికి ముందే గడప దాటినట్టు. శనివారం వారశూల తూర్పుకి. మీరు వెళ్లేది దక్షిణానికి, అడ్డే లేదు. జడ్చర్ల దాటాక ఒకసారి, కృష్ణ ఒడ్డున బీచుపల్లి దగ్గర ఒకసారి ఆగి, కర్నూలులో భోజనం చేసి, గుత్తి మీదుగా వెళ్తే చీకటి పడకముందే ఊళ్లో ఉంటారు. శుక్రవారం హడావిడిగా రాహుకాలాన్ని తరుముకుంటూ పోవడం కన్నా ఇది ఆయనకే నచ్చవచ్చు.

పుట్టింటి చిక్కు కూడా ఇక్కడే విడిపోతుంది. కోడలు ముందు అత్తారింట్లోనే అడుగుపెట్టాలంటారు. సరే, పెట్టండి. మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్‌కు 80 కిలోమీటర్లే. శుక్రవారం మధ్యాహ్నం మీ అమ్మానాన్నల్నే అక్కడికి రమ్మనండి. అమ్మ క్యారియర్‌లో మెత్తటి పప్పన్నం, చారు, పెరుగు తెస్తుంది. మనవరాలిని ఎత్తుకుంటుంది, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. మీరు పుట్టింటి గడప తొక్కిందీ లేదు, అమ్మను చూడకుండా ఆమె ఊరి పక్కనుంచి పోయిందీ లేదు.

అత్తయ్యగారు నొచ్చుకున్న సంగతి కాస్త నెమ్మదిగా చెప్పాల్సింది. ఆమె తన పిల్లల్ని ఒళ్లో పెట్టుకునే తిప్పారు, నిజమే. అప్పటి రోడ్లు వేరు, వేగాలు వేరు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేన్నైనా గుద్ది ఆగితే, పది కిలోల పాప ఆ క్షణంలో దాదాపు 200 కిలోల బరువుతో ముందుకు దూసుకుపోతుంది. ఏ చేతులూ ఆపలేవు. చట్టమూ అదే అంటోంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లల్ని బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ భద్రపరచకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. పాప సీటు వెనక్కి తిరిగి ఉండాలి, అదీ వెనక వరుసలోనే. ముందు ఎయిర్‌బ్యాగ్ ఉన్న చోట పెట్టకూడదు. చాలా విమానయాన సంస్థలు కార్ సీటును సామాను లెక్కలో కలపవు, కాబట్టి అక్కడివే తెచ్చుకోండి. డ్రైవర్‌కు ముందే ఫోన్ చేసి ఒక మాట చెప్పాలి. అద్దె బండ్లలో వెనక బెల్టులు తరచూ సీటు కవర్ల కింద దాక్కుని ఉంటాయి, వాటిని పైకి తీసి ఉంచమనాలి.

రెండు పిల్లల సీట్లు, తలా 23 కిలోల పెట్టెలు, మీ నలుగురు, డ్రైవర్. ఇంతటితోనే ఇన్నోవా దాదాపు నిండిపోతుంది. అందుకే ఎయిర్‌పోర్టుకు ముగ్గురు రావడం కుదరదు. మామయ్యగారిని ఒక్కరినే రమ్మనండి. మనవడి పక్కన కూర్చుని కబుర్లు చెప్పే ఉద్యోగం ఆయనది. అత్తయ్యగారు ఇంటి దగ్గర దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు కలిపి ఉంచితే, ఆ మర్యాద ఆమె చేతుల మీదే జరుగుతుంది.

నాలుగేళ్లవాడికి దారిలో కడుపులో తిప్పవచ్చు. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకే ఇది ఎక్కువ. కారు కదులుతోందని చెవి లోపలి భాగం చెబుతుంది, చేతిలో ఫోన్ చూస్తున్న కళ్లు కదలడం లేదంటాయి. ఆ గొడవలోంచే వాంతి వస్తుంది. ఫోన్ ఇవ్వకుండా కిటికీలోంచి దూరంగా చూపించండి, కొంచెం కొంచెంగా తినిపించండి. ఊళ్లలో అలవాటైన అవోమిన్ మాత్ర డాక్టర్‌ను అడగకుండా వద్దు. అందులోని ప్రొమెథజీన్ రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడని మందు, పాప దరికే రానివ్వకండి. విరేచనాలైతే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఓఆర్‌ఎస్ ప్యాకెట్టే అడిగి తీసుకుని, ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి. చక్కెర నిండిన పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మడంపై హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

ఇదంతా మామయ్యగారికి చెప్పాల్సింది మాత్రం మీరు కాదు. అదే మాట కోడలి నోట ఎదురు చెప్పినట్టుంటుంది, కొడుకు నోట జాగ్రత్త అనిపిస్తుంది. మీవారు ఫోన్ చేసి, “నాన్నా, డ్రైవర్ రాత్రంతా నిద్రలేకుండా నడపడం నాకు భయంగా ఉంది. శనివారం పొద్దున నువ్వు, నేను, పిల్లలు కలిసి వద్దాం” అంటే సరిపోతుంది. హోటల్ మాట, కార్ సీటు మాట ఆ తర్వాత ఎత్తవచ్చు. మీవారు ఫోన్ చేయనంటే, ఈ పేజీ చూపించండి.

తిరుగు ప్రయాణాన్ని కూడా ఇప్పుడే ఖాయం చేసుకోండి. వెళ్లే విమానం కూడా తెల్లవారుజామునే అయితే, ముందు రోజు రాత్రి భోజనాలయ్యాక అనంతపురం నుంచి బయల్దేరదామంటారు. అదీ వద్దు. రెండు మూడు రోజుల ముందే పగటిపూట బయల్దేరి మహబూబ్‌నగర్‌లో దిగండి. సెలవుల చివరి రోజులు పుట్టింటివి. విమానానికి ముందు రోజు సాయంత్రం వెలుతురుండగానే అక్కడి నుంచి శంషాబాద్ చేరుకోండి.