పేవర్ బ్లాకుల దారిలో మెట్టు ఎందుకు కదులుతుంది?

ఇంటి తోటలో పేవర్ బ్లాకులు పరిచిన దారి ఏళ్ల తరబడి నిలిచినా, అందులోని మెట్టు మాత్రం ఒకటి రెండు వానాకాలాలకే ఊగడం మొదలుపెడుతుంది. పెద్దవాళ్లు కాలు జారి పడేదీ అక్కడే. చాలామంది బ్లాకు నాసిరకమని అనుకుంటారు. లోపం తరచుగా దాన్ని నిలబెట్టిన తీరులో ఉంటుంది.

ఈ బ్లాకుల కింద సాధారణంగా సిమెంటు ఉండదు. దిమ్మిస కొట్టి గట్టిపరచిన కంకర, దానిపై సుమారు 30 మిల్లీమీటర్ల ఇసుక, ఆపైన 60 మిల్లీమీటర్ల మందం గల బ్లాకు ఉంటాయి. అడుగు పడినప్పుడు సందుల్లోని సన్నని ఇసుక రాపిడి వల్ల ఆ బరువు పక్క బ్లాకులకూ పంచుకుపోతుంది. ఇందుకు ప్రతి బ్లాకుకూ అన్ని వైపులా ఆనుడు కావాలి. మెట్టు అంచు వరుసకు ముందువైపు అది లేదు. పైగా కిందికి దిగే మనిషి బరువు పడేది ఆ అంచు మీదే. బ్లాకు ముందుకు ఒరుగుతుంది, సందు తెరుచుకుంటుంది, వాన నీటితో ఇసుక జారిపోతుంది.

కాబట్టి ముందుగా మెట్టు నిలువు ముఖాన్ని కట్టాలి. కింద 100 నుంచి 150 మిల్లీమీటర్ల కాంక్రీటు వేసి, అందులో కెర్బు రాయిని నిలబెట్టి, వెనుకనుంచీ కాంక్రీటుతో ఊతం ఇవ్వాలి. అంచు వరుసను మాత్రం ఇసుకపై కాక సిమెంటు మాలులో, ముక్కలు కాకుండా నిండు బ్లాకులతో పరచాలి. కాంక్రీటు బాగా గట్టిపడేదాకా దాని దగ్గర దిమ్మిస యంత్రం నడపరాదు. వెనుక చేరే నీరు బయటికి పోవడానికి కెర్బు రాళ్ల అడుగున చిన్న రంధ్రాలు వదలాలి. మెట్టు పైభాగం ముందుకు 50కి 1 వాలు ఉంటే చాలు. 300 మిల్లీమీటర్లకు అది 6 మిల్లీమీటర్లే.

ఎత్తు కొలవడంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. దిగువ దారి ఇంకా పరచకముందే, కంకర మీదనుంచి 150 మిల్లీమీటర్లు కొలుస్తారు. తరువాత ఇసుక, బ్లాకు కలిసి 90 తినేస్తే మెట్టు ఎత్తు 60 మాత్రమే మిగులుతుంది. అంత పొట్టి మెట్టు కంటికి ఆనదు, కాలికి తగులుతుంది.

ఎత్తుకు రెట్టింపు, వెడల్పు కలిపితే మనిషి అడుగంత రావాలన్న సూత్రం 17వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాన్స్వా బ్లొండెల్‌ది. ఇప్పుడు ఆ మొత్తాన్ని 600 నుంచి 640 మిల్లీమీటర్లుగా తీసుకుంటారు. తోటలో నడక కాస్త సాగుతుంది కనుక 140 ఎత్తు, 350 వెడల్పు హాయిగా ఉంటాయి. మెట్లు ఒకటికి మించితే ఎత్తులన్నీ సమానంగా ఉండాలి. అంచు వరుసకు వేరే రంగు బ్లాకులు వాడితే మసక వెలుతురులోనూ మెట్టు కనిపిస్తుంది.