తెలిసింది, అనుకున్నది, తెలియనిది

మనం చేసే పొరపాట్లలో తెలియక చేసేవి తక్కువ, తెలుసనుకుని చేసేవి ఎక్కువ. తెలియదని తెలిస్తే ఎవరైనా కాస్త ఆగుతారు, నలుగురిని అడుగుతారు. తెలుసనుకున్న మనిషి ఆగడు. తొందరపడి మానేసిన ఉద్యోగం, చేజారిన డబ్బు, మాటామాటా పెరిగి దూరమైన స్నేహం... ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకుంటే చాలావాటి మొదట్లో ఉండేది ఈ తెలుసనుకోవడమే. అందుకే వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దుకోవాలనుకునేవారు ముందుగా అలవరచుకోవాల్సిన విచక్షణ ఒకటుంది. నాకు నిజంగా తెలిసింది ఎంత? నేను అనుకుంటున్నది ఎంత?

ఉపన్యాసాలు విన్నంత మాత్రాన ఇది పట్టుబడదు. ఏదైనా ఒక పనిలో చేతులు పెట్టి, అడుగడుగునా ఈ ప్రశ్న ఎదురైతేనే ఒంటబడుతుంది. అలాంటి పనుల్లో నాకు ఎంతో ఇష్టమైనది, లోకం దాదాపుగా మరచిపోయిన ఒక పాత విమానానికి స్కేల్ మోడల్ కట్టడం.

స్పిట్‌ఫైర్ లాంటి పేరు మోసిన విమానమైతే కిట్లకు కొదవ లేదు. పెట్టె తెరిస్తే భాగాలుంటాయి, అంకెలు వేసిన కాగితం ఉంటుంది, ఏ రంగు ఎక్కడ వేయాలో బొమ్మ గీసి మరీ చెబుతారు. అది ఓపికకు పరీక్ష. అరుదైన విమానం పెట్టే పరీక్ష వేరు. దొరికే ఆధారాలు కొన్నే, అవీ ఒకదానితో ఒకటి పొసగవు. ప్రతి అంగుళం దగ్గరా మోడల్ కట్టేవాడే తీర్పరి కావాలి.

వాపిటీ అనే విమానం

వెస్ట్‌లాండ్ వాపిటీనే తీసుకుందాం. ఇంగ్లండులోని యోవిల్‌లో తయారైన రెండు సీట్ల బైప్లేన్ అది. మొదటిసారి ఎగిరింది 1927లో. మొదటి ప్రపంచ యుద్ధం నాటి డీహెచ్-9ఎ విమానాలు అప్పటికి పాతబడిపోయాయి, వాటి భాగాలు మాత్రం గోదాముల్లో గుట్టలుగా మిగిలాయి. కొత్త విమానంలో ఆ భాగాలను వీలైనంతగా వాడాలని బ్రిటిష్ ప్రభుత్వం షరతు పెట్టింది. డీహెచ్-9ఎ విమానాలను తయారుచేసిన అనుభవం వెస్ట్‌లాండ్‌కు ఉండటంతో ఆ పని వాళ్లకు కలిసొచ్చింది. పాత విమానపు రెక్కలకు కొత్త శరీరాన్ని, తొమ్మిది సిలిండర్ల బ్రిస్టల్ జూపిటర్ ఇంజిన్‌ను జతచేసి వాపిటీని నిలబెట్టారు. ఇలాంటివి 500కు పైగా తయారయ్యాయి.

మన దేశ చరిత్రలో ఈ విమానానికి గొప్ప చోటుంది. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో భారత వైమానిక దళం తొలి స్క్వాడ్రన్ మొదలైనప్పుడు దాని చేతిలో ఉన్నవి నాలుగు వాపిటీలు. వాటిని నడిపిన తొలి భారతీయ పైలట్లలో ఒకరు సుబ్రతో ముఖర్జీ. 1954లో ఆయనే మన వైమానిక దళానికి మొదటి భారతీయ అధిపతి అయ్యారు. రెండో ప్రపంచ యుద్ధం తొలినాళ్లలో తీరాల వెంట గస్తీకి ఏర్పాటుచేసిన తీరరక్షణ దళాలు కూడా చాలావరకు వాపిటీలతోనే పని మొదలుపెట్టాయి. ఆ దళాల్లో ఒకటి మన విశాఖపట్నంలో ఉండేది.

ఇంత చరిత్ర ఉన్నా వాపిటీ పేరు విన్నవాళ్లు అరుదు. ఢిల్లీలోని పాలం వైమానిక దళ మ్యూజియంలో ఒక వాపిటీ ఉంది. అదిగాక మిగిలినవి కొన్ని నలుపు తెలుపు ఫొటోలు, కొన్ని డ్రాయింగులు, కొందరి జ్ఞాపకాలు. మోడల్ కట్టాలనుకునేవాడికి ఇవే ఆస్తి.

ఫొటోను చదవడం నేర్చుకోవాలి

ఎదురుగా ఫొటో ఉంది కదా, చూసి చేసేయడమే అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ రోజుల్లో వాడిన ఫిల్ములన్నీ ఒక రకం కావు. ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము ఎరుపును పట్టుకోలేదు. కాబట్టి ఎరుపు రంగు దాదాపు నల్లగా, నీలం వెలిసిపోయినట్టు లేత బూడిద రంగులో పడుతుంది. రెక్క మీద ఉండే గుండ్రటి గుర్తులో బయటి వలయం నీలం, మధ్యది తెలుపు, లోపలి బొట్టు ఎరుపు. అదే ఫొటోలో లోపల నల్లటి బొట్టు, బయట పాలిపోయిన వలయంగా కనిపిస్తుంది. పాంక్రోమాటిక్ ఫిల్ములో అయితే ఎరుపు, నీలం రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో వస్తాయి.

ఇది తెలియకుండా తోక మీది చుక్కానిని చూస్తే ఏమవుతుందో గమనించండి. చుక్కాని మీద నిలువుగా మూడు చారలుంటాయి. మొదట్లో ముందు చార నీలం, వెనక చార ఎరుపు. 1930లో ఈ వరుసను తిరగేశారు, ఎరుపు ముందుకు వచ్చింది. ఫొటోలో ముందు చార నల్లగా, వెనక చార లేతగా ఉందనుకోండి. ముదురుగా ఉన్నది నీలమే అయ్యుంటుందని తేల్చేసినవాడు ఆ ఫొటోను 1930కి ముందు తీసినదిగా లెక్కేస్తాడు. ఫిల్ము సంగతి తెలిసినవాడు ముందు గుండ్రటి గుర్తు కేసి చూస్తాడు. అక్కడ లోపలి బొట్టు నల్లగా ఉందంటే ఫిల్ము ఆర్థోక్రోమాటిక్. అంటే చుక్కాని ముందు చార ఎరుపు. కాబట్టి ఆ ఫొటో వరుస మారిన తర్వాత తీసినది. ఇద్దరూ చూసింది ఒకే ఫొటో, వాళ్ల లెక్కల్లో మాత్రం ఏళ్ల తేడా వచ్చింది.

రెండో మనిషికి కంటిచూపు ఎక్కువేమీ లేదు. ‘నాకు ఇలా కనిపిస్తోంది’ అనే మాటకూ ‘ఇది ఇలా ఉంది’ అనే మాటకూ మధ్య ఒక్క క్షణం ఆగాడు, అంతే. ఎవరి మీదైనా అభిప్రాయం ఏర్పరచుకునేటప్పుడు మనకు కావాల్సింది కూడా ఆ ఒక్క క్షణమే. సహోద్యోగి పొద్దున్న పలకరించలేదు. పలకరించకపోవడం మనం చూసింది. ‘నా మీద కోపంగా ఉన్నాడు’ అన్నది మనం కలుపుకున్నది. రాత్రంతా ఇంట్లో ఎవరికో జ్వరమై నిద్ర లేకపోయి ఉండొచ్చు. ఆ సంగతి తెలిపే బొట్టు ఇంకెక్కడో ఉంటుంది, దాని కోసం వెతకాలి.

దగ్గరి పోలిక చేసే మోసం

అరుదైన విమానం విషయంలో ఇంకో ప్రలోభం ఉంది. వాపిటీ వివరం దొరకనప్పుడు దాని నుంచే పుట్టిన వాలెస్‌ను చూసి చేసేద్దామనిపిస్తుంది. వాలెస్ వంశం పేరున్నదే. 1933 ఏప్రిల్ 3న, అంటే మన తొలి స్క్వాడ్రన్ పుట్టిన మూడోనాడే, బీహార్‌లోని పూర్ణియా దగ్గర నుంచి లేచిన రెండు వెస్ట్‌లాండ్ విమానాలు మొట్టమొదటిసారిగా ఎవరెస్ట్ శిఖరం మీదుగా ఎగిరాయి. అందులో ఒకటి వాలెస్ తొలి నమూనా. ఆ యాత్ర మీద తీసిన ‘వింగ్స్ ఓవర్ ఎవరెస్ట్’కు ఆస్కార్ కూడా వచ్చింది. కాబట్టి దాని ఫొటోలు దొరుకుతాయి.

కానీ వాలెస్ శరీరం పొడవెక్కువ. దాని చక్రాలకు తొడుగులు, ఇంజిన్ చుట్టూ రేకు వలయం ఉండేవి. మన వాపిటీ సిలిండర్లు గాలికి బయటే ఉండేవి. వాలెస్‌ను చూసి వాపిటీని కట్టడం తమ్ముడి ఫొటో చూసి అన్న బొమ్మ గీసినట్టే. ఆ మాటకొస్తే వాపిటీలన్నీ కూడా ఒక్కలా లేవు. ఆస్ట్రేలియాలో, కెనడాలో, దక్షిణాఫ్రికాలో ఎగిరినవి వేరు, మన వాయవ్య సరిహద్దులో ఎగిరినవి వేరు. అందుకే అనుభవమున్న మోడలర్ ‘వాపిటీ కడుతున్నాను’ అని ఊరుకోడు. ఫలానా దళానిది, ఫలానా సంవత్సరంలో ఉన్నది అని గిరి గీసుకుంటాడు. గిరి చిన్నదయ్యేకొద్దీ ఏం వెతకాలో స్పష్టమవుతుంది.

మన లక్ష్యాలకూ ఇదే వర్తిస్తుంది. పక్కింటి అబ్బాయికి కలిసొచ్చిన కోర్సు, మిత్రుడికి లాభించిన వ్యాపారం మన పరిస్థితికి సరిపోతాయని ఏమీ లేదు. ‘బాగుపడాలి’ అనుకుంటే పని ముందుకు సాగదు. ‘ఈ ఏడాది ఈ పని, ఇంత మేరకు’ అనుకుంటే ఇవాళ ఏం చేయాలో తెలుస్తుంది.

మూడు గళ్ల పుస్తకం

మోడల్ మొదలుపెట్టే ముందు నేను ఒక పుస్తకంలో మూడు గళ్లు గీస్తాను. మొదటి గడిలో తెలిసింది, రెండో గడిలో అనుకున్నది, మూడో గడిలో తెలియనిది. తెలిసింది అని రాసే ప్రతి విషయానికీ పక్కన ఆధారం ఉండాలి. రెక్కల పొడవు 46 అడుగుల 5 అంగుళాలు అన్నది మొదటి గడిలోకి వెళ్తుంది. 72వ వంతు స్కేలులో అది 19 సెంటీమీటర్ల 6 మిల్లీమీటర్లు అవుతుంది. కాక్‌పిట్ లోపలి రంగు రెండో గడిలోకి వెళ్తుంది, అలా ఎందుకు అనుకుంటున్నానో ఒక ముక్క రాసుకుంటాను. వెనక సీటు పక్కన ఏ సామాను ఎలా అమర్చారో ఆధారం దొరకకపోతే అది మూడో గడి. ఏ గడిలో ఉన్నది ఎప్పటికీ ఆ గడిలోనే ఉండిపోదు. కొత్త ఫొటో దొరికితే అనుకున్నది తెలిసిందవుతుంది, ఒక్కోసారి తెలిసిందనుకున్నదే కిందికి జారుతుంది. ఆ మార్పును సంతోషంగా ఒప్పుకోగలగడం పెద్ద మనసుకు గుర్తు.

మూడో గడిని చూసి సిగ్గుపడాల్సిన పని లేదు. ఎవరిని ఏం అడగాలో చెప్పేది అదే. ‘వాపిటీ గురించి చెప్పండి’ అని అడిగితే పెద్దలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకుంటారు. ‘వెనక సీటులోని తుపాకీ వలయం ఏ ఎత్తులో ఉండేది?’ అని అడిగితే పాత ఆల్బం తెరుస్తారు. తెలియనిదాన్ని గుర్తించినవాడికే మంచి ప్రశ్న అడగడం వస్తుంది. మంచి ప్రశ్న అడిగేవాడికి గురువులు తామే దొరుకుతారు.

కారణం తెలిస్తే వరుస తెలుస్తుంది

బైప్లేన్ కట్టడంలో వరుస ప్రాణం. పై రెక్క ఎక్కించాక లోపలికి కుంచె పోదు, కాబట్టి రంగులు ముందే వేయాలి. తీగలు బిగించాల్సిన చోట్ల సన్నటి చేతి డ్రిల్లుతో రంధ్రాలు కూడా ముందే పెట్టుకోవాలి. అసలు తీగ వెడల్పు 10 మిల్లీమీటర్లు ఉందనుకుంటే 72వ వంతులో అది 0.14 మిల్లీమీటర్లు. అంత సన్నటి దారాన్ని ట్వీజర్‌తో పట్టుకుని, కొసకు రవ్వంత సూపర్ గ్లూ అంటించి, రంధ్రంలో నిలిపి, రెండో కొస లాగి బిగించేటప్పుడు ఊపిరి కూడా నెమ్మదిస్తుంది.

ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో బట్టీ పట్టనక్కర్లేదు. విమానం గాలిలో ఉన్నప్పుడు రెక్కలు పైకి లేవాలని చూస్తాయి. వాటిని కిందికి పట్టి ఉంచే తీగలు కింది రెక్క మొదలు నుంచి పై రెక్క చివరి వైపు వెళ్తాయి. నేల మీద ఉన్నప్పుడు రెక్కల బరువు కిందికి వాలుతుంది. దాన్ని మోసే తీగలు పై రెక్క మొదలు నుంచి కింది రెక్క చివరి వైపు దిగుతాయి. గాలిలో భారం ఎక్కువ కనుక మొదటి రకం తీగలను సాధారణంగా జంటగా వేసేవారు. ఈ కారణం ఒక్కటి అర్థమైతే బొమ్మ చూడకుండానే తీగలు వేయొచ్చు.

చదువులోనూ ఉద్యోగంలోనూ చాలామంది తీగల వరుసను కంఠస్థం చేస్తారు, భారం ఎటు పడుతుందో అడగరు. పరిస్థితి కాస్త మారగానే తడబడేది అందుకే. ఏ పని నేర్చుకుంటున్నా ‘ఇది ఎందుకు ఇలా ఉంది?’ అన్న ప్రశ్నను వదలకండి. కారణం తెలిసిన పనిని మనిషి మరచిపోడు.

అన్నీ తెలిసేదాకా ఆగకూడదు

ఇంతా విని ‘అన్నీ తెలిశాకే మొదలుపెడతాను’ అనుకుంటే అదీ తప్పే. అరుదైన విమానం గురించి అన్నీ ఎప్పటికీ తెలియవు. వెతకాల్సినంత వెతికాక, అడగాల్సినవారిని అడిగాక, ఉన్న ఆధారంతో నిర్ణయం తీసుకుని రంగు కలపాల్సిందే. ఆధారం లేని చోట నేను లేనిపోని మీటర్లూ మీటలూ చెక్కను, ఆ భాగాన్ని సాదాగా వదిలేస్తాను. చూసేవారు అడిగితే ‘ఇక్కడ ఏముండేదో నాకు తెలియదు’ అని చెప్తాను. ఆ మాట చెప్పాక, మిగతా మోడల్ గురించి నేను చెప్పేదాన్ని వారు మరింత శ్రద్ధగా వినడం గమనించాను.

జీవితంలో కూడా నమ్మకం ఇలాగే ఏర్పడుతుంది. ‘తెలియదు, కనుక్కుని చెప్తాను’ అని చెప్పి, నిజంగానే కనుక్కుని చెప్పే డాక్టరు మీద మనకు గురి కుదురుతుంది. అలా చెప్పే ఉపాధ్యాయుణ్ని పిల్లలు గౌరవిస్తారు, అలా చెప్పే ఉద్యోగికి బాధ్యత అప్పగించడానికి పైఅధికారి వెనకాడడు.

మీరు విమానం కట్టకపోవచ్చు. ఊళ్లోని పాత గుడి చరిత్ర రాయొచ్చు, తాతల నాటి వంశవృక్షం గీయొచ్చు, ఆగిపోయిన గడియారం విప్పి బాగుచేయొచ్చు. సమాధానాలు సిద్ధంగా దొరకని పని ఏదో ఒకటి ఎంచుకోండి. ఈ వారం మీ ముందున్న ఒక ముఖ్యమైన నిర్ణయాన్ని తీసుకుని కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో రాసిన ప్రతిదానికీ ఆధారం అడగండి. అది లేనిదాన్ని నిర్మొహమాటంగా రెండో గడిలోకి జరపండి. మూడో గడిలోంచి ఒక్క ప్రశ్న తీసుకుని, దానికి జవాబు తెలిసిన మనిషి దగ్గరికి రేపే వెళ్లండి. ఆ తర్వాత నిర్ణయం తీసుకోండి, పని మొదలుపెట్టండి. ఇది అలవాటుగా మారితే మీ మాట తూకం పెరుగుతుంది, మీ నిర్ణయాలకు మీరే ధైర్యంగా పూచీ పడగలుగుతారు.