పసుపుదీపము

వస్తువులకు నోరు లేదు. అయినను అవి తమ బాధను ఏదో యొక విధముగా తెలుపుచునే యుండును. ఇరుసునకు కందెన చాలనిచో బండిచక్రము కిర్రుమనును. పొయ్యిమీది అన్నము మాడినచో వాసన వచ్చును. కాని కారుటైరులో గాలి తగ్గినచో మొదట చప్పుడును లేదు, వాసనయు లేదు, కంటికిని కనబడదు. ఆ సంగతిని తెలుపుటకై నేటి కార్లలో పెక్కింటియందు ఒక చిన్న దీపమును అమర్చుచున్నారు.

మార్గశిరమాసమున ఒకనాటి వేకువను ఒక కుటుంబము కారులో హైదరాబాదునుండి విజయవాడకు బయలుదేరినదనుకొందము. చలి మిక్కుటముగా నున్నది. నగరము దాటకముందే డ్రైవరు ఎదుటి పలకపై పసుపుదీపమొకటి వెలిగెను. గుర్రపునాడా వంటి గీతయు, దాని నడుమ ఆశ్చర్యార్థక చిహ్నమును అందు కనబడుచుండెను.

"అదేమి దీపమన్నా?" అని వెనుక కూర్చున్న బాలుడు అడిగెను.

"ఏదో టైరులో గాలి తక్కువైనది బాబూ" అని డ్రైవరు చెప్పి, వేగము తగ్గించి, బండిని త్రోవప్రక్కన ఆపి, దిగి నాలుగు చక్రములను చూచెను. ఏ టైరును చప్పబడి యుండలేదు. బండి మరల మెల్లగా సాగెను. ఎండ వచ్చిన కొంతసేపటికి దీపము తనంత తానే ఆరిపోయెను.

"దీపము ఆరినది గదా! ఇక ఎక్కడను ఆగనేల?" అని బాలుని తండ్రి అనెను.

"దీపము ఆరినది గాని గాలి నిండలేదయ్యా" అని డ్రైవరు బదులు చెప్పెను.

డ్రైవరు చెప్పినది నిజము. మూసియున్న గాలిని వేడిచేసినచో దాని ఒత్తిడి పెరుగును, చల్లబరచినచో తగ్గును. ఉష్ణోగ్రత 5 లేక 6 సెంటీగ్రేడు డిగ్రీలు మారినపుడు టైరులోని ఒత్తిడి చదరపు అంగుళమునకు ఇంచుమించు 1 పౌను మారును. చక్రములు దొర్లి వేడెక్కుటచే ఒత్తిడి కొంత పెరిగి దీపము ఆరవచ్చును. లోపము మాత్రము అట్లే యుండును.

కారు బరువును మోయునది ముఖ్యముగా టైరులోని గాలియే. అది తగ్గినచో చక్రము తిరిగినప్పుడెల్ల టైరు ప్రక్కభాగములు అధికముగా వంగును. ఆ వంపువలన లోపల వేడి పుట్టును. వేడి హెచ్చినకొలది రబ్బరుపొరలు ఒకదానినుండి యొకటి విడిపోవును. అతివేగమున పోవు కారుటైరు అప్పుడు పగిలినచో ప్రాణములకే అపాయము. అమెరికాలో టైరులపొరలు ఊడి కార్లు బోల్తాపడుటచే 200 మందికి పైగా మరణించిరి. అందుపై 2000వ సంవత్సరమున అచ్చట ఒక చట్టము చేయబడెను. 2007 సెప్టెంబరునుండి తయారగు ప్రతి కొత్తకారునందును ఈ దీపము ఉండితీరవలెనని నిర్ణయించిరి.

ఈ దీపమును వెలిగించు పద్ధతులు రెండు. కొన్ని కార్లలో ప్రతి చక్రమునందును ఒత్తిడిని కొలుచు చిన్న సాధనము ఉండి, రేడియో తరంగములద్వారా వార్తను పంపును. మరికొన్నింటిలో చక్రములు తిరుగు లెక్కనుబట్టి లోపమును కనిపెట్టుదురు. గాలి తగ్గిన చక్రము కొంచెము క్రుంగి, అంత దూరమునకే ఎక్కువ చుట్లు తిరుగును. ఇట్టి కార్లలో కొలతను క్రొత్తగా నిర్ణయించు మీట యుండును. గాలి నింపకయే దానిని నొక్కినచో, యంత్రము తక్కువ గాలినే సరియైన గాలిగా భావించి ఊరకుండును. అది కావలివానిని నిద్రపుచ్చుట వంటిది.

చౌటుప్పల్ సమీపమున డ్రైవరు పెట్రోలు బంకులో బండి నాపెను. తలుపుచట్రమున అంటించిన చీటిలో 32 పౌనులని యుండెను. కొలిచిచూడగా మూడు టైరులలో 35, నాలుగవదానిలో 27 పౌనులు మాత్రమే తేలెను.

"ఆ మూడింటినుండి గాలి తీయవలదా అన్నా?" అని బాలుడు అడిగెను.

"వలదు బాబూ. ఇది వేడిమీది కొలత. చల్లబడిన పిమ్మట అవి 32 వద్దకే వచ్చును" అని డ్రైవరు చెప్పెను.

నాలుగవ టైరును త్రిప్పి చూడగా చిన్న మేకు కనబడెను. పంక్చరు దుకాణమువాడు దానిని లాగి రంధ్రమును పూడ్చెను. అప్పుడు స్టెప్నీలోని గాలిని కూడ కొలిపించి వారు ప్రయాణము సాగించిరి.

అమెరికా నిబంధన ప్రకారము నాలుగవవంతు ఒత్తిడి తగ్గువరకు దీపము వెలుగనక్కరలేదు. అనగా 32 పౌనులు ఉండవలసినచోట 25 ఉన్నను అది మిన్నకుండవచ్చును. కావున దీపము వెలుగలేదని నిశ్చింతగా నుండక, నెలకొకసారి, బండి కదలకముందే, చల్లని టైరులలో గాలిని కొలిపించవలెను. వెలిగిన దీపమును ఆర్పుట వేరు; అది తెలిపిన కొరతను తీర్చుట వేరు.