ట్రాక్టరు సెల్ఫు తిరగనిచో

తొలకరి పదును కొద్ది దినములే నిలుచును. ఆ వేళ తాళము త్రిప్పినను ఇంజను తిరగకున్నచో, తొందరపడి సెల్ఫు మోటారును మార్పింపవలదు. ముందుగా గేరును న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్చి నదిమి చూడుడు. కొన్ని ట్రాక్టర్లు అట్లుగాని స్టార్టు కావు.

పిదప పెద్ద దీపములు వెలిగించి తాళము త్రిప్పుడు.

1. దీపములు మసకబారి టకటకమని శబ్దము వచ్చినచో, లోపము సాధారణముగా బ్యాటరీలోనో, టెర్మినళ్లలోనో ఉండును. తాళము తీసి, ఎర్తు వైరును మొదట విప్పి, చిలుమును వంటసోడా నీటితో కడిగి, తుడిచి బిగింపుడు. ఎర్తు వైరును చివర బిగింపవలెను. పైన వాజెలైను పూయుడు. బ్యాటరీ నుండి మండు వాయువు వెలువడును గనుక దగ్గర చుట్ట, బీడీ కాల్చరాదు. నిండుగా చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును.

2. దీపములు తగ్గక, శబ్దమును రాకున్నచో ఫ్యూజు, తాళపు స్విచ్చి, క్లచ్చి స్విచ్చి, వైర్లు పరీక్షింపుడు.

3. దీపములు తగ్గక, ఒక్కసారి టక్కుమని ఆగినచో సోలినాయిడునో, సెల్ఫు మోటారునో మెకానిక్కునకు చూపుడు.

నేలపై నిలిచి, స్క్రూడ్రైవరుతో సెల్ఫు కొనలు కలిపి ఎన్నడును స్టార్టు చేయరాదు. గేరులో ఉన్న ట్రాక్టరు ఒక్క ఉదుటున కదలి మనిషి మీది కెక్కును. పదును తప్పినచో మరల వానకై వేచియుండవచ్చును. పోయిన ప్రాణము తిరిగి రాదు.