గెటిస్‌బర్గ్ వెండి అర డాలర్: కొనేముందు ఎలా పరీక్షించాలి?

ఈ అమెరికా నాణెం మీద మూడు సంవత్సరాలు కనిపిస్తాయి: 1863, 1936, 1938. మొదటిది అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ యుద్ధం జరిగిన ఏడు. చివరిది దాని 75వ వార్షికోత్సవం. మధ్యలోది నాణేనికి అమెరికా కాంగ్రెస్ అనుమతిచ్చిన ఏడు. తీరా ఫిలడెల్ఫియా టంకశాలలో అచ్చయింది 1937లో. ఆ అంకె మాత్రం నాణెం మీద ఎక్కడా లేదు. స్మారక నాణేలు కొత్తగా సేకరించేవారు ముందు నేర్చుకోవాల్సింది ఇలా చదవడమే. 1937 అని ముద్రించినది ఎవరైనా చూపిస్తే బేరం దాకా వెళ్లనక్కర్లేదు.

తరువాత బొమ్మలు. ఒకవైపు ఇద్దరు మాజీ సైనికుల ముఖాలు పక్కపక్కనే ఉంటాయి. 1863 జులై 1 నుంచి 3 వరకు పెన్సిల్వేనియాలో ఒకరినొకరు చంపుకున్న ఉత్తరాది, దక్షిణాది సైన్యాలకు వాళ్లు ప్రతినిధులు. రెండోవైపు రెండు పక్షాల డాళ్లు, వాటి మధ్య గొడ్డలి అమర్చిన కర్రల మోపు. రూపకర్త శిల్పి ఫ్రాంక్ విట్టర్.

ఇక కాటా. గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ కాటా చాలు. బరువు 12.5 గ్రాములు, వ్యాసం 30.6 మిల్లీమీటర్లు ఉండాలి. నూటికి 90 పాళ్లు వెండి, మిగతాది రాగి. అంటే అసలు వెండి 11.25 గ్రాములే. అయస్కాంతానికి అతుక్కుంటే అది నకిలీ. అతుక్కోనంత మాత్రాన అసలుదని కాదు, రాగీ ఇత్తడీ కూడా అతుక్కోవు.

అందుకే నీటి పరీక్ష. గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. నాణేనికి సన్నని దారం కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా 1.2 గ్రాములకు అటూ ఇటూ చూపాలి. 1.4 చూపిస్తే లోపల వెండి కాదు, ఏదో తేలిక లోహం ఉన్నట్టే. తీశాక మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దవద్దు.

అసలు ధర తేలేది ఇక్కడ కాదు, అరుగుదల దగ్గర. దీపం కింద నాణేన్ని వంచి మెల్లగా తిప్పండి. తాకని నాణెం మీద వెలుగు చక్రం ఆకుల్లా తిరుగుతుంది. భూతద్దంతో సైనికుల చెంప ఎముకలు చూడండి, అరుగుదల ముందు బయటపడేది అక్కడే. ఒకే దిశలో సన్నని గీతలుంటే ఎవరో తోమారన్నమాట. మన ఇళ్లలో వెండి కుందులకు విభూతి, చింతపండు పెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. నలుపెక్కినా సరే, అలాగే వదిలేయండి. తళతళలాడించిన నాణేన్ని సేకరణదారులు తక్కువకే అడుగుతారు.

అరుదైనదా అంటే, ఒక మోస్తరుగా. అచ్చయినవి 50,028. ముఖవిలువ అర డాలరే అయినా మొదట 1.65 డాలర్లకు అమ్మారు. అంతమంది కొనలేదు. మిగిలిన 23,100 టంకశాలకు తిరిగెళ్లి కరిగిపోయాయి, బయట ఉన్నవి 26,928. కాబట్టి వెండి ధరకే ఇస్తానని ఎవరైనా అంటే సంతోషించకండి, అనుమానించండి.

నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థల డబ్బాలో బిగించి ఉంటే తూచడం కుదరదు. దాని మీది నంబరును ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో వెతికి, అక్కడున్న వివరాలతో పోల్చండి. డబ్బాలకూ నకిలీలున్నాయి.

కొన్నాక అంచులు పట్టుకునే చూడండి. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టవద్దు, కాలక్రమంలో పచ్చని జిగురు పడుతుంది. గట్టి ప్లాస్టిక్ గుండ్రని డబ్బా కొంటే సరిపోతుంది.

ఒక్క షరతు మాత్రం సడలించకండి: నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటానని కాగితం మీద రాసివ్వని వ్యాపారి దగ్గర కొనవద్దు.