కూలిన కొండ, నిలిచిన కథ

అమెరికా పశ్చిమ భాగాన, ఆరెగాన్ రాష్ట్రంలో క్రేటర్ లేక్ అనే సరస్సు ఉంది. దానిలోకి వచ్చే నది లేదు, దానినుంచి బయటికి పోయే నదీ లేదు. వానా మంచూ తెచ్చిన నీరే దానిలో నిండింది. లోతు 594 మీటర్లు. కుతుబ్ మీనార్లను ఎనిమిదింటిని ఒకదానిపై ఒకటి నిలబెట్టినా ఆఖరిదాని కొన నీటిపైకి రాదు!

ఒకప్పుడు ఇక్కడ ఉన్నది సరస్సు కాదు, సుమారు 3,700 మీటర్ల ఎత్తయిన కొండ. దానికి మజామా అని 1896లో పేరు పెట్టారు. అంటే కొండ మాయమైన వేల ఏళ్ళకు నామకరణం జరిగిందన్నమాట. మరి అంత కొండా ఏమయింది?

అక్కడి ఆదివాసులైన క్లామత్ ప్రజలు ఒక కథ చెబుతారు. పాతాళానికి అధిపతి లావో ఆ కొండలో ఉండేవాడు. ఒక నాయకుని కూతురు తనను పెళ్ళాడననేసరికి అతడు ఆగ్రహించి జనంమీద నిప్పులు కురిపించాడు. పైలోకానికి అధిపతి స్కెల్ జాలిపడి, దక్షిణాన ఉన్న షాస్తా పర్వతంపై నిలబడి అతడితో తలపడ్డాడు. ఎర్రగా కాలిన బండలు ఆకాశంలో ఎగిరాయి. లోకమంతా చీకటి కమ్మింది. చివరికి లావో ఓడి లోపలికి పారిపోగా, కొండ అతడిమీద కూలిపోయింది.

కొండ కూలిందట! ఈ మాట గుర్తుంచుకోండి.

మజామా అగ్నిపర్వతం. అది సుమారు 7,700 ఏళ్ళ క్రితం పేలింది. దాని బూడిద కెనడా దాకా పరచుకుంది. గ్రీన్‌లాండ్ మంచుపొరలలో కూడా దొరికింది. అయితే పేలుడుకు శిఖరం తునాతునకలై ఎగిరిపోయిందా? అలాగైతే పాత కొండరాళ్ళు చుట్టూ గుట్టలుగా పడి ఉండాలి కదా! వెతికితే అన్ని లేవు. చుట్టుపక్కల ఉన్నది ఎక్కువగా కొత్త శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడిన బూడిద, నురగరాయి. డిల్లర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1902లో ప్రచురించిన గ్రంథంలో, శిఖరం పైకి ఎగరలేదు, లోపలికే కుంగిందని వాదించాడు. పొంగిన పూరీని వేలితో పొడవండి. లోపలి ఆవిరి పోగానే పైపొర దిగబడుతుంది. మజామా అడుగున ఉన్న శిలాద్రవం సుమారు 50 ఘన కిలోమీటర్లు బయటికి వచ్చేసరికి, పైనున్న కొండకు ఆధారం పోయింది.

కథ కూడా ఇదే కదా చెప్పింది! కాని తొందరపడకూడదు. ఆ పెద్ద గుంటను చూసి తరువాతివాళ్ళెవరో కథ అల్లి ఉండవచ్చు. పేలుడునాటికి అక్కడ మనుషులున్నారా? ఇదే అసలు ప్రశ్న.

దానికి జవాబు చెప్పినవి చెప్పులు! 1938లో సరస్సుకు ఈశాన్యంగా ఉన్న ఫోర్ట్ రాక్ గుహలో క్రెస్‌మన్ అనే పరిశోధకుడు తవ్వగా, మజామా బూడిద పొరకు అడుగున, చెట్టు నారతో అల్లిన చెప్పులు డజన్లకొద్దీ దొరికాయి. బూడిద కింద ఉన్నాయంటే అవి పేలుడుకు ముందువన్నమాటే. తరువాత రేడియో కార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే కొన్నిటి వయస్సు 9,000 ఏళ్ళు దాటింది. కాబట్టి ఆ నిప్పులవానను కళ్ళారా చూసినవాళ్ళు ఉండే ఉంటారు. కథ వాళ్ళనుంచే వచ్చిందని చెప్పులు రుజువు చేయలేవు గాని, రాగలదని మాత్రం చూపాయి. రాతలేని కాలంలో, తాతలనుంచి మనుమలకు, సుమారు మూడువందల తరాలు!

సరస్సులో ఒక చిన్న దీవి ఉంది. అది లావో తల అని కథ. శాస్త్రజ్ఞుల మాటలో అది కొండ కూలాక గుంట అడుగునుంచి లేచిన పిల్ల అగ్నిపర్వతం. అక్కడ ఆఖరి పేలుడు సుమారు 4,800 ఏళ్ళ క్రితం, నీటి అడుగున జరిగింది. అయినా మజామా చల్లారిపోయిందని ఎవరూ అనడం లేదు. భూకంప మాపకాలు పెట్టి ఇప్పటికీ కనిపెట్టి చూస్తున్నారు.