ధర చెప్పు తీరు – కొనువారి మనస్సు

ధర యెంత అని యెల్లరును అడుగుదురు. ఆ ధరను ఏ తీరున చెప్పిరో గమనించువారు కొందరే. ఈ పాఠమున ఆ తీరును పరిశీలింతము.

ఒకప్పుడు గ్రామ పంచాయతీగా నుండిన బాచుపల్లి 2019లో నిజాంపేట నగరపాలక సంస్థలో చేరినది. పొలములున్న చోట్ల నేడు బహుళ అంతస్తుల భవనములు లేచినవి. అట్టి చోట మన గ్రామస్థుడు ఇల్లు కొనబోయి ఇట్టి ప్రకటనను చూచెననుకొందము: "చదరపు అడుగు 7,000 రూపాయలు కాదు, 5,999 మాత్రమే! ఈ ఆదివారము వరకే!"

మొదట 5,999 సంగతి చూతము. జనులు బాటా ధర అని నవ్వుకొను లెక్క యిదియే. కన్ను ముందున్న అయిదును పట్టుకొని, ధర అయిదువేల చిల్లర యని తలచును. 1,200 చదరపు అడుగుల యింటికి 71,98,800 రూపాయలగును. ఆరువేల చొప్పున లెక్కించినను పెరుగునది 1,200 రూపాయలే.

రెండవది, కొట్టివేసిన 7,000. సంతలో ఎద్దుల బేరమాడునపుడు అమ్మువాడు మొదట చెప్పిన ధర చుట్టునే మన బేరము తిరుగును. ట్వెర్‌స్కీ, కానెమన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించిన పరీక్షలో ఒక చక్రమును త్రిప్పి, ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశములు నూటికెన్ని యని అడిగిరి. చక్రము 10 వద్ద ఆగినపుడు చెప్పిన అంచనాల మధ్యస్థము 25. 65 వద్ద ఆగినపుడు 45. సంబంధము లేని అంకెయే మనస్సును ఇంతగా లాగినచో, అమ్మువాడు ఎంచి చూపిన అంకె మాట చెప్పవలెనా?

మూడవది గడువు. తొందర పెట్టుట ఆలోచనకు వ్యవధి లేకుండ చేయుటకే.

ప్రకటనలో చెప్పనివియు గలవు: పార్కింగు, రిజిస్ట్రేషను, పన్నులు. చదరపు అడుగులు కార్పెట్ ఏరియావో, సూపర్ బిల్టప్ ఏరియావో అడుగవలెను. 2016 నాటి రెరా చట్టము ప్రకారము నమోదు కావలసిన నిర్మాణమును నమోదునకు ముందు ప్రకటింపరాదు, అమ్మరాదు. ఒప్పందము రిజిస్టరు కాకమునుపు ధరలో పదవ వంతుకు మించి సొమ్ము తీసికొనరాదు.

పంచాయతీ కొనుగోళ్లకును ఈ పాఠము వర్తించును. ఒకడు వీధిదీపము 2,000 రూపాయలని చెప్పి, నూటికి 40 తగ్గించి 1,200కు ఇత్తుననును. పన్ను, రవాణా వేరు. రెండవవాడు తగ్గింపు మాటయే యెత్తక, అన్నియు కలిపి 1,300 అనును. మొదటివానికి పైఖర్చులు నూరు దాటినచో రెండవవాని దీపమే చౌక. కావున కొటేషన్లను చూచునపుడు తగ్గింపును ప్రక్కనుంచి, మొత్తము ధరను, గ్యారంటీని పోల్చవలెను.

మోసపోయితిమని తోచినవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యపై తెలుపవచ్చును. సభ్యులు ఈ సంగతులను గ్రామసభలో వివరింతురు గాక. ఎంత తగ్గించితివని అడుగుటకు ముందు, మా చేతినుండి మొత్తము ఎంత పోవునని అడుగుట ప్రతి కుటుంబమునకును అలవాటు కావలెను.